నొమికోస్ వలలో పడ్డ కంచు కుర్రాడు

గ్రీసు దేశపు లిథారి ద్వీపంలో సకెల్లారిస్‌ను ఎరగని జాలరి లేడు. అయినా ఆ ఊరి మ్యూజియంలో ఇత్తడి పలక మీద చెక్కిన పేరు అతనిది కాదు, అతని పినతల్లి కొడుకు నొమికోస్‌ది. పడవ సకెల్లారిస్‌ది. వల సకెల్లారిస్‌ది. సముద్రంలో ఆ చోటు కనిపెట్టిందీ సకెల్లారిస్సే. కాని కంచు కుర్రాడు నీళ్ళలోంచి పైకి వచ్చిన రోజున అతను మాత్రం పడవ మీద లేడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అతనికి తిన్న తిండి ఒంటికి పట్టేది కాదు.

అయితే ఈ కడుపుమంట ఆ విగ్రహంతో మొదలైంది కాదు. సకెల్లారిస్‌కు నాలుగేళ్ళప్పుడు అతని పిన్ని పురిట్లో పోయింది. పుట్టిన బిడ్డను సకెల్లారిస్ తల్లి కలొతీనా గుడ్డలో చుట్టుకుని ఇంటికి తెచ్చి, అప్పటిదాకా సకెల్లారిస్ పడుకున్న మంచంలోనే పడుకోబెట్టింది. వాడే నొమికోస్. వాడు కూర్చుని తినే వయసు వచ్చినప్పటి నుంచీ పప్పుచారు మొదటి గరిటె వాడి గిన్నెలోనే పడేది. చేప తలకాయ వాడిదే. కొత్త చొక్కా ముందు వాడిదే.

"వాడికి అమ్మ లేదురా నాన్నా," అనేది తల్లి.

"నాకు మాత్రం ఎక్కడుంది? వాడికిచ్చేశావుగా!" అన్నాడు సకెల్లారిస్ ఒకసారి.

చెంప పగిలింది. ఏడ్చింది మాత్రం కొట్టిన కలొతీనాయే.

తండ్రి సముద్రం అడుక్కి దిగి స్పాంజీలు కోసుకొచ్చే మనిషి. ఒక వేసవిలో మరీ లోతుకు దిగి, తొందరపడి పైకి వచ్చి, కాళ్ళు పడిపోయి, మిగిలిన జీవితమంతా గుమ్మంలో కుర్చీ వేసుకుని వలలు బాగుచేస్తూ గడిపాడు. పోయేముందు పెద్దవాణ్ణి దగ్గరికి పిలిచాడు. "పడవ నీ పేర రాశాను. కాని నొమికోస్‌ని మాత్రం దింపెయ్యకు," అన్నాడు. ఆ చివరి మాటైనా పూర్తిగా తన గురించే ఉంటుందని ఆశపడ్డ సకెల్లారిస్, తల ఊపి, బయటికి వచ్చి, మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు.

అలా ఇద్దరూ ఆ పడవ మీద ఏళ్ళ తరబడి కలిసి తిరిగారు. సకెల్లారిస్ పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. మాట పొదుపు. ఎక్కడ ఎంత లోతుందో, ఏ గాలికి చేప ఎటు జరుగుతుందో చెప్పగలడు. నొమికోస్ పొడుగు. ఉంగరాల జుట్టు. నోరు తెరిస్తే నలుగురు చుట్టూ చేరేవాళ్ళు. చేపలు పట్టేది సకెల్లారిస్ అయితే, వాటి గురించి కాఫీ కొట్టులో కథలు చెప్పేది నొమికోస్. ఆగస్టులో మరియమ్మ పండుగనాడు ఊరంతా చర్చి ముందు చేతులు పట్టుకుని ఆడేటప్పుడు, వరసకు ముందు నిలబడి రుమాలు తిప్పేది కూడా అతనే. ఒక ఏడు అతని పక్కన సెవస్తి అనే పిల్ల ఆడింది. మరుసటి ఏడాదికి ఆ పిల్ల సకెల్లారిస్‌ను పెళ్ళి చేసుకుంది, ముగ్గురు బిడ్డల్ని కన్నది, జుట్టు నెరిసింది. అయినా సకెల్లారిస్ ఆ మాట మరిచిపోలేదు. భోజనం మధ్యలో ఉన్నట్టుండి అడిగేవాడు.

"ఆ పండగనాడు వాడితో ఎందుకు ఆడావు?"

"నువ్వు లేవలేదు గనక. నీ కాళ్ళని బల్లకి మేకులు పెట్టి కొట్టారేమో అనుకున్నాను. తిను, చల్లారిపోతోంది."

ద్వీపానికి పడమట, రెండు రాతి దిబ్బల మధ్య, సముద్రం ఉన్నట్టుండి మెరక అయ్యే చోటు ఒకటి ఉంది. దాన్ని కనిపెట్టింది సకెల్లారిస్. మొదట్లో ఒకటి రెండుసార్లు అక్కడ వల వేశాడు. ఆ తరవాత వెయ్యడం మానేసి, దానికి 'అత్తగారి పళ్ళు' అని పేరు పెట్టాడు. నొమికోస్ మాత్రం ఎప్పుడు అటు వెళ్ళినా గొణిగేవాడు.

"అన్నా, రాళ్ళున్న చోటే కదా పెద్ద చేప ఉంటుంది. ఒక్కసారి వేద్దాం."

"వల చిరిగితే నీ జుట్టు పీకి కుట్టనా?"

అక్కడితో ఆ మాట ఆగిపోయేది.

ఒక అక్టోబరు నెలలో సకెల్లారిస్‌కు దవడ పన్ను నొప్పి లేచింది. రెండు రోజులు ఊజో సారా పుక్కిలించి చూశాడు. మూడో రోజు దవడ వాచి కన్ను మూసుకుపోయింది. సెవస్తి బలవంతంగా ఓడెక్కించి పక్క ద్వీపంలో పళ్ళ డాక్టరు దగ్గరికి పంపింది. ఆ పూట పడవను నొమికోస్, పొథితోస్ అనే కూలివాడు తీసుకెళ్ళారు.

పన్ను పీకించుకుని, నోట్లో దూది కుక్కుకుని, దవడ చుట్టూ రుమాలు కట్టుకుని సాయంత్రం ఓడ దిగేసరికి రేవు నిండా జనం. ఎవరో మునిగిపోయారనుకున్నాడు సకెల్లారిస్. తోసుకుంటూ వెళ్ళి చూస్తే, తన పడవ పక్కనే, తడి గోనెల మీద, ఒళ్ళంతా గవ్వలు అంటుకుపోయిన ఒక కంచు కుర్రాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పక్కన పోలీసు. తలాపున ఫాదరుగారు. ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, తన పెళ్ళికొచ్చిన జనాన్ని చూసినట్టు అందర్నీ చూస్తూ నొమికోస్.

"అన్నా! అత్తగారి పళ్ళ దగ్గర దొరికాడు!" అని అరిచాడు. "నువ్వు లేవుగా, ఒక్కసారి వేసి చూద్దామనిపించింది. తిట్టకు. వల చిరిగింది, నేనే కుడతాను."

నోట్లో దూది ఉండడంతో సకెల్లారిస్ ఒక్క మాట కూడా అనలేకపోయాడు.

మర్నాడు పేపరువాళ్ళు వచ్చి తీసిన ఫోటో దేశమంతా వెళ్ళింది. ముందు నొమికోస్, కంచు కుర్రాడు. వెనక గుంపులో దవడకు కట్టు కట్టిన పొట్టి మనిషి ఒకడు. సెవస్తి పేపరు చూసి, "శవానికి దవడ కట్టినట్టు కట్టావేమిటి?" అంది. ఆ పేపరును ఊళ్ళో ప్రతి కొట్టువాడూ గోడకు అంటించుకున్నాడు. ప్రభుత్వం ఇచ్చిన బహుమానంలో నొమికోస్ సరిగ్గా సగం తెచ్చి సెవస్తి చేతిలో పెట్టాడు. అదే సకెల్లారిస్‌కు మరీ కష్టమైంది. వాటా ఎగ్గొట్టి ఉంటే, ఊరందరికీ చెప్పుకుని కాస్త చల్లబడేవాడు.

కంచు కుర్రాణ్ణి శుభ్రం చెయ్యడానికి ఏథెన్సు తీసుకెళ్ళారు. అక్కడ చాలా ఏళ్ళు ఉంచుకున్నారు. ఈలోపల రేవు పక్కనున్న పాత సుంకం భవనానికి సున్నం వేసి, ద్వీపంలో అక్కడా ఇక్కడా దొరికిన పాలరాతి బొమ్మలన్నిటినీ చేర్చి మ్యూజియం చేశారు. చివరికి కుర్రాడు తిరిగి వచ్చాడు. గోడకు పలక పెట్టారు. 'జాలరి నొమికోస్ కనుగొన్నది' అని. అంతటితో ఊరుకోక నొమికోస్‌కు అక్కడే కాపలా ఉద్యోగం ఇచ్చారు. నీలం చొక్కా, కూర్చోడానికి కుర్చీ. అతను పడవ దిగిపోయాడు. 'దింపెయ్యకు' అన్న తండ్రి, వాడంతట వాడే దిగిపోతే ఏం చెయ్యాలో చెప్పి పోలేదు.

ప్రారంభోత్సవానికి బిషప్పు వచ్చాడు, బ్యాండు మేళం వచ్చింది. గాలి ఆకు కూడా కదపని ఆ రోజున సకెల్లారిస్ పనిగట్టుకుని వేటకు వెళ్ళి, ఖాళీ బుట్టలతో తిరిగొచ్చాడు. సెవస్తి పండుగ బట్టలు ఇంకా విప్పలేదు.

"ఏమీ అడగవేం?" అంది.

"ఏమడగాలి?"

"అందగాడు."

"ఎవడు?"

"కంచువాడే. నువ్వెవడనుకున్నావు?" అని సెవస్తి చాలాసేపు నవ్వింది.

ఆ తరవాత కొన్నేళ్ళపాటు సకెల్లారిస్ మ్యూజియం ఉన్న వీధిలోకే వెళ్ళలేదు. వలలు భుజాన వేసుకుని చుట్టుదారిన కొండ ఎక్కి దిగేవాడు. నొమికోస్ ఎదురైతే, "ఏరా" అంటే "ఏం అన్నా" అనుకోవడమే. ఆదివారాలు ఆడవాళ్ళు మ్యూజియంలో ఊరికే తిరిగి వచ్చేవాళ్ళు. ఒక ఆదివారం సెవస్తి వచ్చి, చెప్పాలా వద్దా అన్నట్టు గిన్నెలు అటూ ఇటూ జరిపి, చివరికి చెప్పేసింది.

"నొమికోస్ వచ్చిన వాళ్ళందరికీ ఆ రోజు కథ చెప్తాడు గదా. అందులో నువ్వు కూడా ఉన్నావు."

"నేనా?"

"ఊఁ. నువ్వొచ్చే చోటికి రాగానే అందరూ పడీపడీ నవ్వుతారు."

ఆ రాత్రి సకెల్లారిస్‌కు నిద్ర లేదు. రెండు రోజులు పళ్ళు కొరుక్కుని ఓర్చుకున్నాడు. మంగళవారం దక్షిణపు గాలి లేచి పడవలన్నీ రేవులోనే కట్టుబడిపోయాయి. గడ్డం గీసుకున్నాడు. చర్చికి వేసుకెళ్ళే కోటు తొడిగాడు. ఎక్కడికని సెవస్తి అడగలేదు. కోటు వెనక దుమ్ము దులిపి పంపింది.

తలుపు దగ్గర కూర్చున్న పిల్ల అతన్ని గుర్తుపట్టి లేచి నిలబడింది.

"బాబాయ్! మీకు టికెట్టెందుకు, వెళ్ళండి."

"తీసుకో," అన్నాడు సకెల్లారిస్, చిల్లర బల్ల మీద పెట్టి. నొమికోస్ కొలువు చేసే చోట ఊరికే అడుగుపెట్టడం అతనికి ఇష్టం లేదు.

లోపల చల్లగా ఉంది. మొదటి గదిలో తలలు లేని పాలరాతి ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ చీరకట్టు లాంటి బట్టల ముడతలు గాలికి ఊగుతాయేమో అన్నట్టున్నాయి. ముక్కు విరిగిన తల ఒకటి, గడ్డం మాత్రమే మిగిలిన తల ఇంకొకటి. ఒక సమాధి రాయి దగ్గర అతని కాళ్ళు వాటంతటవే ఆగాయి. దాని మీద ఒక పడుచువాడు ఓడ ముక్కున ఒక్కడే కూర్చుని, గడ్డం చేతిలో ఆనించుకుని ఉన్నాడు. చుట్టూ రాయి ఖాళీగా వదిలేశారు. అదంతా సముద్రమే. సముద్రంలో పోయినవాడని చదవకుండానే తెలిసింది. సకెల్లారిస్ అలవాటుగా గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు.

అంతలో లోపలి గదిలోంచి నవ్వులు వినిపించాయి.

గుమ్మం పక్కన పాలరాతి రోమను అధికారి ఒకడు నిలబడి ఉన్నాడు. ఒళ్ళేమో వీరుడి ఒళ్ళు, తలేమో పెద్ద చెవుల ముసలాయనది. ఎవరి ఒంటి మీదో తన తల పెట్టించుకున్నట్టున్నాడు. సకెల్లారిస్ అతని వెనక్కి జరిగి నిలబడ్డాడు. లోపల థెస్సలోనికి నగరం నుంచి వచ్చిన పంతులమ్మలు పదిమంది దాకా ఉన్నారు. నీలం చొక్కాలో నొమికోస్ చేతులు ఊపుతూ చెబుతున్నాడు. జుట్టు పల్చబడ్డా ఉంగరాలు పోలేదు.

"అమ్మా, సముద్రం తెలిసిన మనిషంటే మా అన్న సకెల్లారిస్సే. తుఫానుకి భయపడడు, చీకటికి భయపడడు. ఒక్క అత్తగారి పళ్ళంటేనే భయం! 'అక్కడ వల వేస్తే నీ తల పగలగొడతా'ననేవాడు. మరి దేవుడేం చెయ్యాలి? ఈ కుర్రాడు రెండు వేల ఏళ్ళుగా అడుగున పడుకుని ఎదురు చూస్తున్నాడాయె. అందుకని మా అన్న దవడ పంట్లోకి ఒక చిన్న పురుగుని పంపించాడు."

పంతులమ్మలు విరగబడి నవ్వారు.

"ఆ పన్ను కూడా ఇక్కడ అద్దాల పెట్టెలో పెడదామని మా పై అధికారి అసిమీనా గారిని అడిగాను. అదే లేకపోతే ఈ మ్యూజియమే లేదు గదా. ఆవిడ ఒప్పుకోలేదు."

సకెల్లారిస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. రోమను వెనక నుంచి ఒక్క అంగలో ముందుకు వచ్చాడు.

"ఆ చోటు నాది!"

నొమికోస్ ఒక్క క్షణం తెల్లబోయి, అంతలోనే ముఖం విప్పార్చుకున్నాడు.

"అమ్మా, ఈయనే! మా అన్న సకెల్లారిస్! అన్నా, రా, రా. ఇన్నాళ్ళకు వచ్చావు!"

"పన్ను పీకించుకున్నాయన ఈయనేనా!" అంది ఒక పంతులమ్మ సంతోషంగా. "బాబూ, మీరు చెప్పండి. మీ నోటితో వినాలి."

అందరూ అతని వైపు తిరిగారు. ఎన్నో ఏళ్ళుగా పడవ మీద ఒంటరిగా ఉన్నప్పుడు, సకెల్లారిస్ ఈ కథను తన పద్ధతిలో తనకే చెప్పుకుంటూ వచ్చాడు. ఇప్పుడు నోరు తెరిచాడు. ఆ చోటు ఎలా కనిపెట్టాడో చెప్పడానికి ముందు ఆ రోజు గాలి సంగతి చెప్పాలనిపించింది. గాలి ఉత్తరమా, వాయవ్యమా అన్నది తేల్చబోయి ఆగాడు. తండ్రి సంగతి ఎత్తుకున్నాడు. పడవ ఎవరి పేర ఉందో చెప్పాడు. వల ఎవరు కొన్నారో చెప్పాడు. మళ్ళీ గాలి దగ్గరికి వచ్చాడు. ఒక పంతులమ్మ మెల్లిగా రోమను వైపు నడిచింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. అతను వాక్యం పూర్తి చేసేసరికి ఎదురుగా ఒక్క ముసలావిడ మిగిలింది. ఆవిడకు చెవుడని తరవాత తెలిసింది.

పడవ నాది, వల నాది అని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కథ మాత్రం వాడిదేనని ఆ గదిలో నిలబడి అతనికి తెలిసింది. దానంత మంట మరేదీ పెట్టలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక నొమికోస్ తన కుర్చీ ఇతని వైపు జరిపాడు. సకెల్లారిస్ కూర్చోలేదు. అప్పుడు మొదటిసారి, తిన్నగా, కంచు కుర్రాడి వైపు చూశాడు.

గోనెల మీద చూసినవాడేనా ఇతను! గవ్వలన్నీ పోయి, ఆకుపచ్చా నలుపూ కలిసిన ఒళ్ళు నూనె రాసుకున్నట్టు మెరుస్తోంది. పెదవులకు రాగి ఎరుపు. తెల్లరాతితో పొదిగిన కళ్ళు ఎక్కడో దూరంగా, అలల మీద దేన్నో వెతుకుతున్నట్టున్నాయి. కుడి చెయ్యి పైకెత్తి ఉంది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. వాడు ఎవరినీ చూసి కుళ్ళుకోవలసిన అవసరం లేనివాడిలా నిలబడ్డాడు. సకెల్లారిస్‌కు వాడి మీద కూడా ఒళ్ళు మండింది.

"ఎలా ఉన్నాడు?" అన్నాడు నొమికోస్, తన కొడుకు గురించి అడిగినట్టు.

సకెల్లారిస్ కోటు గుండీ పెట్టుకున్నాడు.

"పొద్దున్నే నీ పడవ ఆ కిటికీలోంచి కనబడుతుంది అన్నా," అన్నాడు నొమికోస్ గొంతు తగ్గించి. "దిబ్బ దాటేదాకా నిలబడి చూస్తాను. ఇక్కడ గాలి తగలదు. వీడికీ తగలదు, నాకూ తగలదు. మోకాళ్ళ నొప్పని దిగిపోయాను గాని, మోకాళ్ళు ఇప్పుడూ నొప్పే."

మరొకప్పుడైతే ఆ మాటకు సకెల్లారిస్ కడుపు చల్లబడేదే. కాని ఆ నిమిషాన అతని కళ్ళు కుర్రాడి ఎడమ చేతి మీద ఆగిపోయాయి. చెయ్యి మణికట్టు దాకానే ఉంది. అక్కడ కంచు ఎగుడుదిగుడుగా విరిగి, లోపల డొల్ల కనిపిస్తోంది.

"ఆ చెయ్యేది?" అన్నాడు.

"దొరకలేదు. అందరూ అదే అడుగుతారు. ఏ గ్రీసు రాజు కాలంలో విరిగిందో, ఎక్కడుందో."

సకెల్లారిస్ రోమను పీఠం మీద చెయ్యి ఆనించాడు. ఒక సంగతి అతను ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. చెబితే తను వట్టి వెర్రివాడని తేలిపోతుంది. చెప్పకపోతే? చెప్పకపోతే ఈ కుర్రాడు ఎప్పటికీ నొమికోస్‌వాడే. అతను ఆలోచించిందల్లా అంతే.

"నేను పట్టుకున్నాను," అన్నాడు.

"ఏమిటి?"

"ఆ చెయ్యి. అత్తగారి పళ్ళ దగ్గరే. వీణ్ణి నువ్వు తియ్యడానికి చాలా ఏళ్ళ ముందు. తెల్లవారుజామున వల లాగితే వచ్చింది. పచ్చగా, గవ్వలతో, ఐదు వేళ్ళూ ఉన్నాయి. మునిగినవాడి చెయ్యనుకున్నాను. ఇలా పట్టుకుని చూశాను, వేళ్ళు నా వేళ్ళలో పడ్డాయి. కెవ్వున అరిచి విసిరేశాను. అందుకే అక్కడ మళ్ళీ వల వెయ్యనివ్వలేదు. రాళ్ళకి కాదు."

నొమికోస్ తనే ఆ కుర్చీలో కూలబడ్డాడు.

"నేనెక్కడున్నాను?"

"పడవలోనే. ముందు రాత్రి ఎవరి పెళ్ళిలోనో తెల్లార్లూ ఆడి వచ్చి, టోపీ మొహం మీద పెట్టుకుని నిద్రపోతున్నావు."

"పడవలోనా!" నొమికోస్ లేచి నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది. "నన్ను లేపలేదా? నా పక్కనించి వీడి చెయ్యి పోయిందా? అన్నా, ఇన్నేళ్ళుగా వీణ్ణి కాపలా కాస్తున్నాను. ముట్టుకోకూడదు. దుమ్ము కూడా వేరేవాళ్ళొచ్చి తుడుస్తారు. నువ్వు వీడి చెయ్యి పట్టుకున్నావా?"

"ముందు నేనే పట్టుకున్నాను," అన్నాడు సకెల్లారిస్.

"అబద్ధం. ఇది కూడా నాకు దక్కనివ్వవు నువ్వు!"

"వెళ్ళి మరియమ్మ పటం తీసుకురా. దాని మీద చెయ్యేసి చెప్తాను."

ప్రమాణం మాట వినగానే నొమికోస్ నమ్మేశాడు. అతని కళ్ళలో సకెల్లారిస్‌కు చిన్నప్పటి నుంచీ బాగా తెలిసినదేదో కనిపించింది. తెలిసిందే గాని, ఎప్పుడూ తన కడుపులోని మంటగానే తెలిసింది. ఎదుటివాడి ముఖంలో చూడడం అదే మొదలు. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి సకెల్లారిస్ రెండు గిన్నెల శనగల చారు తాగి, రొట్టె నూనెలో ముంచుకుని తిని, ఇంకా ఉందా అని అడిగాడు. సంగతంతా విని సెవస్తి చెంపలు వాయించుకుంది.

"విసిరేశావా? ఇంటికి తెస్తే పూలకుండీ పక్కన పెట్టుకునేదాన్ని గదయ్యా!"

మ్యూజియం పెద్ద అసిమీనా గారు అతన్ని పిలిపించుకుని శ్రద్ధగా విన్నారు. వెక్కిరించలేదు. వేసవిలో ఏథెన్సు నుంచి నీటి అడుక్కి దిగేవాళ్ళు వచ్చి, అత్తగారి పళ్ళ దగ్గర వారం రోజులు వెతికారు. రెండు జాడీ మెడలు దొరికాయి. ఎప్పుడో తాడు కోసుకుని వదిలేసిన సకెల్లారిస్ లంగరు దొరికింది. చెయ్యి దొరకలేదు. సాక్ష్యం లేకుండా పలక మార్చలేనని అసిమీనా గారు నొచ్చుకుంటూ చెప్పారు. కాఫీ కొట్టులో సగం మంది నమ్మారు, సగం మంది ఆ లంగరును చూపించి నవ్వారు.

సకెల్లారిస్ అవేవీ పట్టించుకోలేదు. నొమికోస్ నమ్మాడు, అది చాలు. గాలికి పడవలు కట్టుబడిపోయిన రోజుల్లో కోటు తొడుక్కుని మ్యూజియంకు వెళ్ళి, నొమికోస్ పక్కన కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు ఎడమ చెయ్యేదని అడగ్గానే దగ్గేవాడు. నొమికోస్‌కు తప్పేది కాదు. "అది మా అన్న పట్టుకున్నాడండీ," అనేవాడు, చేదు మందు మింగినట్టు. జనం లేనప్పుడు మాత్రం అతనే వదిలిపెట్టేవాడు కాదు.

"బరువెంత ఉంటుంది అన్నా?"

"రెండు కిలోలు. కాస్త ఎక్కువే."

"వేళ్ళు ముడుచుకుని ఉన్నాయా, చాపి ఉన్నాయా?"

"ముడుచుకుని. దేన్నో పట్టుకున్నట్టు."

"ఉంగరం ఏమైనా ఉందా?"

సకెల్లారిస్ కుర్రాడి వైపు ఓసారి చూసి, "ఉంది," అన్నాడు.

ఆ ఉంగరం నొమికోస్ కథలోకి ఎక్కింది. రెండేళ్ళకు దానికి రాయి కూడా వచ్చింది.

నొమికోస్‌కు ఉద్యోగ విరమణ అయ్యేసరికి సకెల్లారిస్ జుట్టు పూర్తిగా తెల్లబడింది. పొథితోస్ వేరే పడవ కొనుక్కుని వెళ్ళిపోయాడు. వల లాగే సత్తువ లేక సకెల్లారిస్ ఇప్పుడు గాలాలతోనే సరిపెట్టుకుంటున్నాడు. ఒక పొద్దున రేవులో తాడు విప్పుతుండగా నొమికోస్ వచ్చి నిలబడ్డాడు. నీలం చొక్కా లేదు. అడగలేదు, ఎక్కాడు. సకెల్లారిస్ వద్దనలేదు. దిబ్బ దాటాక ఇంజను ఆపి, ఇద్దరూ రొట్టె, ఆలివ్‌లు తిన్నారు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు నొమికోస్. "ఎవరూ లేరు. దాన్ని పట్టుకున్నప్పుడు ఎలా ఉంది?"

సకెల్లారిస్ నీళ్ళ వైపు చూశాడు.

"నిజం చెప్పనా? ఒక్క క్షణం. చల్లగా తగిలింది, అంతే. కళ్ళు మూసుకుని విసిరేశాను. బరువూ తెలీదు, వేళ్ళు ఎలా ఉన్నాయో తెలీదు."

"మరి ఉంగరం?"

"నువ్వు అడిగావు గనక ఉందన్నాను."

నొమికోస్ రొట్టె ముక్క పక్కన పెట్టేశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. పడవలోంచి తోసేస్తాడేమో అనుకున్నాడు సకెల్లారిస్. తరవాత అతని భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"దేశదేశాల వాళ్ళకి చెప్పాను గదరా ఆ ఉంగరం గురించి! ఒక జర్మను ఆవిడ కాగితం మీద రాసుకుని కూడా వెళ్ళింది!"

మొట్టమొదటిసారి అన్నను 'రా' అన్నాడు. సకెల్లారిస్‌కు కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే నొమికోస్ పక్కనున్న గాలం ఒకటి తీసి, ఎర గుచ్చి, చూడకుండానే నీళ్ళలోకి వదిలాడు. అది అడుక్కి చేరిందో లేదో, దారం బిగిసి అతని వేళ్ళను కోసేంతగా లాగింది. ఇద్దరూ కలిసి పైకి లాగారు. మోచెయ్యంత బండచేప. ఆ నెలంతా సకెల్లారిస్ అలాంటిది ఒక్కటి కూడా చూడలేదు.

"అది నా గాలం," అన్నాడు సకెల్లారిస్.

"గాలం నీదే," అన్నాడు నొమికోస్. "చేప నాది."

సకెల్లారిస్ ఇంజను తాడు కావలసినదానికన్నా గట్టిగా లాగాడు. సాయంత్రం ఆ చేపను సెవస్తి నిమ్మకాయ పిండి, బొగ్గుల మీద కాల్చింది. ముగ్గురూ వాకిట్లో బల్ల వేసుకుని తిన్నారు. చాలా బాగుందని నొమికోస్ అంటే, ఉప్పు తక్కువైందన్నాడు సకెల్లారిస్.